నిర్ణయం ఎవరిదో అక్కడే హద్దు: సర్వర్ కాన్ఫిగరేషన్ కోడ్‌ను విభజించే పద్ధతి

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామిక వాడలలోని మధ్యస్థాయి ఔషధ కర్మాగారంలో కంప్యూటర్ విభాగం చూసుకోవలసిన సర్వర్లు పదుల సంఖ్యను మించకపోవచ్చు గాని, వాటిలో ఏ రెండింటి పనీ ఒకటి కాదు: ఒకటి నాణ్యతా నియంత్రణ ప్రయోగశాలలో రసాయనాలను విశ్లేషించే హెచ్‌పీఎల్‌సీ యంత్రాలు ఇచ్చే ఫలితాలను భద్రపరిస్తే, మరొకటి పరీక్షకు వచ్చే నమూనాలను నమోదు చేస్తుంది, ఇంకొకటి రియాక్టర్ల ఉష్ణోగ్రతనూ పీడనాన్నీ క్రమం తప్పకుండా నిల్వ చేస్తుంది, వేరొకటి వ్యర్థజలాల కొలతలను కాలుష్య నియంత్రణ మండలికి చేరవేస్తుంది. ఈ వాడలున్న సంగారెడ్డి జిల్లాలోనే కంది వద్ద ఉన్న ఐఐటీ హైదరాబాద్‌లోని పరమ్ సేవ వంటి సూపర్‌కంప్యూటర్ పరిస్థితి వేరు. అక్కడ లెక్కలు చేసే నోడ్‌లు చాలావరకు ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి కనుక, ఒకసారి రాసిన అమరికను అన్నింటికీ వర్తింపజేయడంలోనే కోడ్ ప్రయోజనం కనబడుతుంది. కర్మాగారంలో ఆ ప్రయోజనం యంత్రాల సంఖ్య వల్ల కాక, అమరికలో జరిగే మార్పు వల్ల తెలుస్తుంది. ఒకే ఒక్క సర్వర్ అయినా సరే, దాని అమరిక మారిన ప్రతిసారీ ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు, ఎవరు అనుమతించారు అన్న ప్రశ్నలకు తనిఖీ అధికారి ముందు జవాబు ఉండితీరాలి. ఆ జవాబు సులువుగా దొరకడమూ దొరకకపోవడమూ కోడ్‌లో దేనిని లోపల పెట్టారు, దేనిని బయట ఉంచారు అన్నదాని మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది.

సర్వర్ కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్ అంటే, ఒక యంత్రంలో ఏ సాఫ్ట్‌వేర్ ఉండాలి, ఏ ఫైలులో ఏ విలువ ఉండాలి, ఏ సేవ నడుస్తూ ఉండాలి అన్నవాటిని నిర్వాహకుడు చేత్తో ఒక్కొక్కటిగా అమర్చకుండా, కావలసిన తుది స్థితిని కోడ్ రూపంలో వర్ణించి, యంత్రాన్ని ఆ స్థితికి చేర్చే పనిని ఒక పరికరానికి అప్పగించడం. 1993లో మార్క్ బర్జెస్ ఓస్లోలో మొదలుపెట్టిన సీఎఫ్‌ఇంజన్‌తో ఈ పద్ధతికి రూపం వచ్చింది. తరువాత 2005లో పపెట్, 2009లో చెఫ్, 2012లో యాన్సిబుల్ వచ్చాయి. ఒకే కోడ్‌ను ఎన్నిసార్లు నడిపినా ఫలితం ఒకటే కావాలన్నది, అంటే యంత్రం అప్పటికే కోరిన స్థితిలో ఉంటే పరికరం దేనినీ ముట్టుకోకూడదన్నది వీటన్నింటికీ ఉమ్మడి నియమం. ఈ అధ్యాయంలో ఉదాహరణలు ఎక్కువగా యాన్సిబుల్ నుంచి తీసుకున్నవే అయినా, చెప్పిన విషయం ఏ పరికరానికైనా వర్తిస్తుంది.

ఇక ఈ కోడ్‌ను విభజించడానికి రెండు భావనలు కావాలి. ఆబ్‌స్ట్రాక్షన్ అంటే, ఒక పనిలోని వివరాలను పక్కనపెట్టి, ఆ పనిని కోరేవారికి అవసరమైన సారాన్ని మాత్రమే ఒక పేరు కింద నిలపడం. ‘ఈ సర్వర్ గడియారం సరైన సమయం చూపాలి’ అన్నది సారమైతే, దానికి ఏ ప్యాకేజీ ఎక్కించాలి, ఏ ఫైలును మార్చాలి అన్నవి వివరాలు. ఎన్‌క్యాప్సులేషన్ అంటే ఆ వివరాలన్నిటినీ ఒకే చోట చేర్చి, బయటివారు నిర్ణీతమైన ద్వారం గుండా తప్ప వాటిని తాకకుండా కట్టడి చేయడం. మొదటిది ఉండి రెండోది లేని కోడ్ ఎక్కడ చూసినా కనిపిస్తుంది: గడియారానికి చక్కని రోల్, అంటే ఒక పనికి కావలసిన కోడ్ ముక్క, ఒకటి రాసి ఉంటుంది, అయినా బ్యాకప్ కోసం రాసిన మరో రోల్ అదే గడియారపు ఫైలులోకి చొరబడి తనకు కావలసిన వరుసను చేరుస్తుంది, రెండు రోల్‌లూ ఒకదాని రాతను మరొకటి చెరుపుతూ పోతాయి, ప్రతి పరుగులోనూ ‘మార్పు జరిగింది’ అన్న సందేశం వస్తూనే ఉంటుంది. ఔషధ కర్మాగారంలో పనిచేసేవారికి ఈ కట్టడి కొత్తదేమీ కాదు. ఒక ఉత్పత్తికి ఆమోదం పొందిన మాస్టర్ ఫార్ములా ఒకటే ఉంటుంది, ప్రతి బ్యాచ్‌కూ దాని నుంచే బ్యాచ్ రికార్డు తయారవుతుంది, షిఫ్టులో ఉన్నవారు అందులో ఖాళీగా వదిలిన గడులను నింపుతారే తప్ప పద్ధతిని కొట్టివేసి మరొకటి రాయరు. యాన్సిబుల్‌లోని రోల్, పపెట్‌లోని క్లాస్ ఆ మాస్టర్ ఫార్ములా వంటివి. వాటికి బయటి నుంచి అందే వేరియబుల్స్, పారామీటర్లు ఆ ఖాళీ గడుల వంటివి.

అయితే ఏ వివరాలను కలిపి ఒక కట్టడి లోపల పెట్టాలి? ఈ ప్రశ్నకు సాఫ్ట్‌వేర్ రంగంలో ఇప్పటికీ ప్రామాణికంగా నిలిచిన జవాబు డేవిడ్ పార్నస్ 1972లో ప్రచురించిన వ్యాసంలో ఉంది. పనులు జరిగే వరుసను బట్టి ప్రోగ్రామును ముక్కలు చేయడం సహజంగా తోచినా అది మేలైన పద్ధతి కాదనీ, ముందుముందు మారే అవకాశం ఉన్న ఒక్కొక్క రూపకల్పన నిర్ణయాన్నీ ఒక్కొక్క ముక్కలో దాచాలనీ ఆయన వాదించారు. సర్వర్ కోడ్ విషయంలో ఈ హెచ్చరికను పెడచెవిన పెట్టినవారే ఎక్కువ. ఎక్కించడానికి ఒక రోల్, అమర్చడానికి ఒక రోల్, ప్రారంభించడానికి ఒక రోల్ అంటూ చేత్తో చేసే వరుసనే కోడ్‌లోకి దించితే, గడియారం గురించిన ఒకే నిర్ణయం మూడు చోట్లకు చెదిరిపోతుంది. దానిని మార్చాలంటే మూడు తలుపులు తట్టాలి.

కర్మాగారపు నిర్వాహకుడు పార్నస్ సూత్రానికి ఇంకొక ప్రశ్నను జోడించుకోవాలి: ఆ నిర్ణయం మారుతుందా అన్నది మాత్రమే కాదు, మార్చే అధికారం ఎవరిది అన్నది కూడా చూడాలి. ప్యాకేజీ పేరును లినక్స్ పంపిణీదారు నిర్ణయిస్తాడు. లాగ్‌లను ఎంతకాలం ఉంచాలో భారత కంప్యూటర్ అత్యవసర ప్రతిస్పందన బృందం, అంటే సెర్ట్-ఇన్, ఆదేశిస్తుంది. ప్రయోగశాల రికార్డుల మీద కాలముద్రతో కూడిన ఆడిట్ ట్రయల్, అంటే ఎవరు ఎప్పుడు ఏమి మార్చారో తనంతట తానే నమోదయ్యే చరిత్ర, ఉండాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1997లో తెచ్చిన పార్ట్ 11 నిబంధన చెబుతుంది. ఆ దేశానికి మందులు ఎగుమతి చేసే కర్మాగారం దానిని పాటించవలసిందే. ఔషధ పరిశ్రమతో సహా 17 రకాల అధిక కాలుష్య పరిశ్రమలు వ్యర్థాలను ఆన్‌లైన్‌లో నిరంతరం కొలిచి చూపాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లో నిర్దేశించింది కనుక, ఆ కొలతలు ఏ చిరునామాకు వెళ్లాలో, అందుకు ఫైర్‌వాల్‌లో ఏ దారి తెరవాలో కర్మాగారం సొంతంగా తేల్చుకునే విషయం కాదు. వీటికి తోడు కర్మాగారంలోని నాణ్యతా హామీ విభాగం నిర్ణయాలు కొన్ని, కంప్యూటర్ విభాగం తన సౌకర్యం కోసం చేసుకునే ఏర్పాట్లు కొన్ని. కోడ్ రాయడానికి కూర్చునే ముందు అమరికలన్నింటినీ ఒక కాగితం మీద వరుసగా రాసి, ఒక్కొక్కదాని పక్కన దానిని మార్చగలిగేది ఎవరో రాసుకుంటే, హద్దులు గీయవలసిన చోట్లు ఆ కాగితం మీదే బయటపడతాయి. ఒకే యజమాని ఉన్న అమరికలు ఒకే గోడ లోపల ఇముడుతాయి. ఇద్దరు యజమానుల అమరికలు ఒకే ఫైలులో కలిసి ఉంటే మాత్రం, వాటి మధ్య ద్వారం ఒకటి ఏర్పాటు చేయాలి.

సమయం అమరిక ఈ పద్ధతికి తగిన పరీక్ష. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, కంపెనీలు తమ కంప్యూటర్ వ్యవస్థల గడియారాలను జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం గాని, జాతీయ భౌతిక ప్రయోగశాల గాని నడిపే ఎన్‌టీపీ సర్వర్లతో, లేదా వాటితో అనుసంధానమైన సర్వర్లతో సరిపోల్చుకోవాలి. ఎన్‌టీపీ అంటే నెట్‌వర్క్ ద్వారా గడియారాలను ఒకదానితో ఒకటి సరిచూసే నియమావళి. లాగ్‌లను 180 రోజులు ఉంచడం, భద్రతా ఘటనలను గుర్తించిన 6 గంటలలోపు తెలియజేయడం కూడా ఆ ఆదేశాలలోనివే. కర్మాగారానికి సంబంధించినంత వరకు సర్వర్ గడియారం పది నిమిషాలు వెనకబడితే అది చిన్న లోపం కాదు, ఎందుకంటే విశ్లేషకుడు నమూనాను యంత్రంలో పెట్టిన వేళకూ, ఫలితం నమోదైన వేళకూ, దానిని పై అధికారి ఆమోదించిన వేళకూ మధ్య క్రమం తారుమారై, నిజాయితీగా చేసిన పరీక్షే అనుమానాస్పదంగా కనిపిస్తుంది.

సమయం రోల్‌లో లోపల దాగవలసినవి చాలానే ఉన్నాయి. లినక్స్ పంపిణీలలో రెడ్‌హ్యాట్ కుటుంబంలో, ఎన్‌టీపీ ద్వారా గడియారాన్ని సరిచూసే క్రోనీ సేవ పేరు చివర ‘డి’ ఉంటుంది, డెబియన్, ఉబుంటు కుటుంబంలో ఉండదు. మొదటి కుటుంబంలో దాని ఫైలు నేరుగా ఈటీసీ డైరెక్టరీలో ఉంటే, రెండో దానిలో ఈటీసీ లోపలి క్రోనీ డైరెక్టరీలో ఉంటుంది. అంతకన్నా పెద్ద మార్పు 2019లో వచ్చింది: ఆ ఏడాది విడుదలైన రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8లో పాత ఎన్‌టీపీ ప్యాకేజీని పూర్తిగా తీసివేసి క్రోనీని మాత్రమే ఉంచారు. అదే కుటుంబానికి చెందిన సెంటాస్ 7కు 2024 జూన్ 30తో మద్దతు ముగిసినప్పుడు, అప్పటిదాకా కొత్త పంపిణీల వైపు చూడనివారు కూడా మారక తప్పలేదు. సమయాన్ని ఒక రోల్‌లో కట్టుదిట్టంగా పెట్టుకున్నచోట ఈ మార్పు ఆ రోల్ లోపల జరిగి, దానిని వాడుకునే ప్లేబుక్‌లలో, అంటే ఏ సర్వర్ మీద ఏ రోల్ నడవాలో చెప్పే ఫైళ్లలో, ఒక్క అక్షరం కూడా మారవలసిన అవసరం రాలేదు. ఎన్‌టీపీ సేవ పేరును బ్యాకప్ రోల్‌లోనూ, పర్యవేక్షణ రోల్‌లోనూ, అక్కడక్కడా రాసుకున్న చిన్న స్క్రిప్టులలోనూ చల్లిపెట్టినచోట ఒక్కొక్కదానిని వెతికి పట్టుకోవలసి వచ్చింది. రోల్ పేరు ‘క్రోనీ’ అని కాక ‘సమయం’ అని ఉండాలనడానికి కారణం కూడా ఇదే. పరికరం పేరు పెట్టుకున్న రోల్, ఆ పరికరం మారిన రోజున అబద్ధమవుతుంది.

బయట ఉండవలసినది ముఖ్యంగా ఒక్కటే: సమయాన్ని ఏ సర్వర్ల నుంచి తీసుకోవాలి అన్న జాబితా. ఇక్కడ మంచి నిర్వాహకులు సైతం ఒక పొరపాటు చేస్తారు. వాడేవారికి సౌకర్యంగా ఉంటుందని ఆ జాబితాకు ఒక డిఫాల్ట్ విలువ, అంటే ఎవరూ ఏమీ ఇవ్వకపోతే వర్తించే విలువ, పెడతారు. అది తరచుగా లినక్స్ పంపిణీతో వచ్చే అంతర్జాతీయ పూల్ చిరునామాయే అయి ఉంటుంది. కొత్త సర్వర్‌కు జాబితా ఇవ్వడం మరచిపోయినా కోడ్ చక్కగా నడుస్తుంది, గడియారం కూడా సరిగ్గానే తిరుగుతుంది, ఆదేశ ఉల్లంఘన మాత్రం చడీచప్పుడు లేకుండా జరిగిపోతుంది. బయటి సంస్థ నిర్ణయించే విలువకు డిఫాల్ట్ పెట్టకూడదన్నది ఈ అధ్యాయంలో గట్టిగా పట్టుకోవలసిన నియమం: ఆ విలువ అందకపోతే కోడ్ ఆగిపోవాలి. యాన్సిబుల్ కోర్ 2.11 నుంచి రోల్‌కు ఏ ఆర్గ్యుమెంట్లు తప్పనిసరో, ఒక్కొక్కటి ఏ రకం విలువో ముందే ప్రకటించే వీలుంది. పపెట్ క్లాస్‌లలో పారామీటర్‌కు డిఫాల్ట్ ఇవ్వకపోతే అది తప్పనిసరి అవుతుంది. తప్పనిసరి విలువల ఆ ప్రకటనే రోల్‌కు ద్వారం, అదే దాని పత్రం కూడా.

ఇంతవరకు చెప్పినది లినక్స్ సర్వర్లకు సాఫీగా సాగుతుంది గాని, ప్రయోగశాల సాఫ్ట్‌వేర్ చాలావరకు విండోస్ సర్వర్ల మీద నడుస్తుంది, అక్కడ ఆబ్‌స్ట్రాక్షన్ కారడం మొదలవుతుంది. కాస్త సంక్లిష్టమైన ఏ ఆబ్‌స్ట్రాక్షన్ అయినా ఎక్కడో ఒకచోట కారుతుందని, అంటే దాచిన వివరం బయటికి పొడుచుకువస్తుందని, జోయెల్ స్పోల్‌స్కీ 2002లో చెప్పిన మాట ఇక్కడ అక్షరాలా నిజం. డొమైన్‌లో చేరిన విండోస్ యంత్రం మామూలుగా తన డొమైన్ కంట్రోలర్ నుంచే సమయం తీసుకుంటుంది, డొమైన్‌లో లాగిన్‌ను ధ్రువీకరించే కెర్బరోస్ పద్ధతి డిఫాల్ట్ అమరికలో 5 నిమిషాలకు మించిన తేడాను అంగీకరించదు. అటువంటి యంత్రానికి లినక్స్ సర్వర్‌కు ఇచ్చినట్టే బయటి ఎన్‌టీపీ జాబితాను ఇవ్వడం అంటే డొమైన్ వరుసను తెగ్గొట్టడమే. ఇంకొక చిక్కు ఏమిటంటే, రియాక్టర్ల నియంత్రణ నెట్‌వర్క్‌ను భద్రత కోసం ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచిన కర్మాగారంలో ఆ యంత్రాలు ఢిల్లీలోని సర్వర్‌ను చేరలేవు, వాటికి కర్మాగారం లోపలి సమయ సర్వర్ ఒకటి కావాలి. అన్నింటినీ ఒకే వేరియబుల్‌తో మెప్పించాలని చూసి, రోల్ లోపల ‘విండోస్ అయితే, డొమైన్‌లో ఉంటే, ప్లాంట్ నెట్‌వర్క్ అయితే’ అంటూ షరతుల మీద షరతులు పేర్చడం ఇక్కడ కలిగే మొదటి ప్రలోభం. దానికన్నా ద్వారాన్నే సవరించడం మేలు. ‘పై మూలం నుంచి సమయం తీసుకుని కింది యంత్రాలకు పంచే సర్వర్’ అనీ, ‘లోపలి సర్వర్ నుంచి తీసుకునే యంత్రం’ అనీ, ‘డొమైన్‌ను అనుసరించే యంత్రం’ అనీ మూడు రకాలను పేరుపెట్టి ప్రకటిస్తే, ఏ యంత్రం ఏ రకానికి చెందినదో ఇన్వెంటరీలో, అంటే సర్వర్ల పట్టికలో, ఎవరైనా చదవగలుగుతారు. జాతీయ మూలాల చిరునామాలు మొదటి రకానికి మాత్రమే అవసరమవుతాయి, సెర్ట్-ఇన్ మాట మారితే దిద్దవలసిన చోటూ అదొక్కటే.

దీనికి ఎదురు కొసన ఉన్న దోషం అన్నింటినీ బయట పెట్టడం. క్రోనీ ఫైలులోని ప్రతి వరుసకూ ఒక వేరియబుల్ ఇచ్చిన రోల్ చూడడానికి ఎంతో వెసులుబాటు ఇస్తున్నట్టు కనిపిస్తుంది గాని, దానిని వాడాలంటే క్రోనీ పత్రాలన్నీ చదవాలి, అప్పుడు రోల్ ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే. ద్వారం బాగుందో లేదో తేల్చడానికి ఒక పరీక్ష చాలు: నాణ్యతా హామీ విభాగంలోని వ్యక్తి, లినక్స్ తెలియకపోయినా, ఆ రోల్‌కు ఇచ్చిన విలువలను చదివి తాను ఆమోదించిన నిర్ణయం అదేనని సంతకం చేయగలిగితే అది సరైన ద్వారం.

ఒక కంపెనీకి పాశమైలారంలో ఒక యూనిట్, బొల్లారంలో మరొక యూనిట్ ఉన్నాయనుకుంటే, రెండుచోట్లా లాగ్ సర్వర్ అమరిక అక్షరం పొల్లుపోకుండా ఒకటే అయినప్పుడు దానిని ఉమ్మడి రోల్‌గా మార్చాలని ఏ ప్రోగ్రామర్‌కైనా చేయి దురదపెడుతుంది. ఇక్కడ కొంత నిదానం అవసరం, ఎందుకంటే ధ్రువీకరించిన, అంటే నిర్దేశించినట్టే పనిచేస్తుందని పరీక్షించి నమోదు చేసిన, వ్యవస్థలో కోడ్ పంచుకోవడమంటే అనుమతులను కూడా పంచుకోవడమే. పాశమైలారం అవసరం కోసం ఉమ్మడి రోల్‌ను మార్చిన మరుక్షణం బొల్లారంలోని సర్వర్ కూడా మారడానికి సిద్ధంగా ఉంటుంది. అక్కడి నాణ్యతా హామీ విభాగం తాను కోరని మార్పుకు ప్రభావ అంచనా రాసి, మార్పు నియంత్రణ పత్రం తెరవవలసి వస్తుంది. రెండు అమరికలు యాదృచ్ఛికంగా ఒకేలా ఉండి, వాటి యజమానులు వేరైతే, రెండు ప్రతులు ఉంచడంలో తప్పేమీ లేదు. కోడ్‌ను రెండుసార్లు రాయడం పాపమన్న ప్రోగ్రామింగ్ సంప్రదాయాన్ని ఇక్కడ సడలించవచ్చు. పంచుకోవడం నిజంగా అవసరమైతే రోల్‌కు సంచిక సంఖ్యలు ఇచ్చి, ఏ యూనిట్ ఏ సంచికను వాడుతున్నదో ఆ యూనిట్ అవసరాల ఫైలులో ఖచ్చితంగా రాయాలి. అప్పుడు కొత్త సంచిక విడుదలైనా, బొల్లారం తన సంఖ్యను తానే మార్చుకునేదాకా అక్కడ ఏదీ కదలదు.

కట్టడికి యాన్సిబుల్ ఇచ్చే సహాయం తక్కువేనన్నది కూడా గుర్తుంచుకోవాలి. వేరియబుల్‌కు విలువ రాగల మార్గాలను దాని పత్రాలు 22 మెట్లుగా పేర్కొంటాయి. రోల్ డిఫాల్ట్‌లు దాదాపు అట్టడుగున, కమాండ్ లైన్‌లో ఇచ్చే అదనపు విలువలు అన్నింటికీ పైన ఉంటాయి. రోల్ లోపలి వేరియబుల్ అయినా అదే ప్లేబుక్‌లోని మరో రోల్‌కు కనబడవచ్చు కనుక, ప్రతి వేరియబుల్ పేరుకూ ముందు రోల్ పేరు చేర్చడం అలవాటు చేసుకోవాలి. కమాండ్ లైన్ విలువలను మాత్రం ధ్రువీకరించిన సర్వర్ల మీద పూర్తిగా నిషేధించడం మంచిది. అవి అన్ని గోడలనూ దాటుకుని పోతాయి, పైగా కోడ్‌లో జరిగిన ప్రతి మార్పునూ నమోదు చేసే గిట్ చరిత్రలో జాడ వదలవు.

దాచడమనే మాట వినగానే తనిఖీకి అలవాటుపడిన కర్మాగారం వారికి అనుమానం కలగడం సహజం, దానిని ముందే తీర్చాలి. ఎన్‌క్యాప్సులేషన్‌లో లోపల ఉన్నది రహస్యం కాదు, గిట్‌లో ఎవరైనా తెరిచి చదవగలిగేదే. అక్కడ జరిగే కట్టడి చదవడం మీద కాదు, ఆధారపడడం మీద. నిజంగా రహస్యమైన పాస్‌వర్డ్‌లను యాన్సిబుల్ వాల్ట్ వంటి గుప్తీకరణ సాధనంలో పెట్టడం వేరే పని, ఈ రెండింటినీ కలిపితే గుప్తీకరించిన ఫైలులోకి మామూలు అమరికలు కూడా చేరి, ఏ విలువ ఎప్పుడు మారిందో ఎవరికీ కనబడకుండా పోతుంది. మార్పు చేసే ముందు పరీక్షా పద్ధతిలో కోడ్‌ను నడిపి, ఏ ఫైలులో ఏ వరుస మారబోతుందో చూపే తేడా పట్టికను మార్పు నియంత్రణ పత్రానికి జతచేయాలి, ఆ పత్రం సంఖ్యను గిట్ కమిట్ సందేశంలో రాయాలి. ఎవరు, ఎప్పుడు అన్న ప్రశ్నలకు గిట్ తానే జవాబిస్తుంది గాని, ఎందుకు అన్నదానికి ఆ సంఖ్య తప్ప వేరే ఆధారం ఉండదు.

కోడ్ పరిధిలోకి రాకూడని యంత్రాలు కూడా కర్మాగారంలో కొన్ని ఉంటాయి. హెచ్‌పీఎల్‌సీ పక్కన ఉండే కంప్యూటర్‌ను యంత్రం అమ్మిన సంస్థ ఒక నిర్దిష్టమైన విండోస్ సంచికతో, నిర్దిష్టమైన ప్యాచ్‌లతో ధ్రువీకరించి అప్పగించి ఉంటే, దాని అమరికల మీద నిర్ణయం ఆ సంస్థతో కుదిరిన ఒప్పందానిదే అవుతుంది. కంప్యూటర్ విభాగం తన ఉమ్మడి రోల్‌లను దాని మీద నడిపితే ఆ ధ్రువీకరణ చెల్లకుండా పోవచ్చు. అటువంటి యంత్రాలను ఇన్వెంటరీ నుంచి వదిలేయకుండా, ‘సరఫరాదారు నిర్వహణ’ అన్న పేరుతో ఒక గుంపుగా చేర్చి, ఆ గుంపు మీద ఏ రోల్ నడవబోయినా కోడ్ ఆగిపోయేలా రాసి, ఒక్కొక్క యంత్రం పక్కన ఒప్పందం సంఖ్యనూ, గడియారాన్ని చేత్తో సరిచూసే బాధ్యత ఎవరిదో ఆ వివరాన్నీ నమోదు చేయాలి.